తుఫాను రోజులకి ఇంట్లో ఏ బోర్ తూటాలు ఉంచుకోవాలి? 12 బోర్ సరిపోతుందా, .315 కూడా తీసుకోవాలా?

జీడితోట_కాశీనగర్

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ వైపు. కొండ వాలులో జీడితోట, తోటలోనే ఇల్లు. తాతగారి నాటి 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) జంట గొట్టాల తుపాకీ నాన్నగారికి, ఆయన నుంచి నాకు వచ్చింది. కాగితాలన్నీ నా పేరు మీదకు మారాయి, లైసెన్సు చెల్లుబాటులోనే ఉంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొట్టినప్పుడు మా వైపు ఎలా ఉందో ఇక్కడున్న చాలామందికి తెలుసు. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, రోడ్డు నిండా చెట్లు. పోలీసులకి కబురు పెట్టాలన్నా దారి లేదు. ఎలుగులు పెరట్లోకి వచ్చాయి. మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే ఇంట్లో తగినన్ని తూటాలు ఉండాలని నా ఆలోచన.

ఇంకో ఆయుధానికి దరఖాస్తు పెట్టుకునే వీలుంది. .315 రైఫిల్ తీసుకోవాలా, .32 రివాల్వరా? లేక 12 బోరే ఉంచుకుని తూటాలు ఎక్కువ పెట్టుకోవాలా? యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు నాలుగైదు రకాలు, వేల తూటాలు దాచుకోమని చెబుతుంటారు. మన జిల్లాలకి ఏది పనికొస్తుందో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మోడరేటర్

చర్చ మొదలయ్యే ముందే ఒక మాట. లైసెన్సు ఉన్న తుపాకుల గురించి, షాపులో బిల్లు మీద కొన్న తూటాల గురించి మాత్రమే రాయండి. నాటు తుపాకులు, ఇంట్లో మందు కూరుకోవడం, లైసెన్సు లేకుండా చేతులు మారే సరుకు వంటివి రాస్తే పోస్టు తీసేస్తాం. ఎవరి దగ్గర ఎన్ని తూటాలున్నాయో, ఇంట్లో ఎక్కడ పెట్టారో బయటపెట్టొద్దు. ఇది అందరూ చదివే చోటు.

రేంజ్_జయపురం

తమ్ముడూ, అమెరికా వీడియోలు పక్కన పెట్టు. అక్కడ షాపుకి వెళ్ళి నచ్చిన బోర్ కొనుక్కుంటారు. ఇక్కడ లైసెన్సు పుస్తకంలో ఏ ఆయుధం ఎక్కిందో ఆ బోర్ తూటాలే కొనగలవు. ఒకేసారి ఎన్ని ఉండొచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు అన్న రెండు అంకెలూ అందులోనే ఉంటాయి. పైగా ఆయుధ చట్టం 2019 సవరణ తర్వాత మనిషికి రెండు ఆయుధాలే. అంతకు ముందు మూడు ఉండేవి. మూడోది ఉన్నవాళ్ళు 2020 డిసెంబరు 13 లోపు అప్పగించాల్సి వచ్చింది. నాలుగైదు బోర్లు దాచుకోవడం మనకు కుదిరే పని కాదు, కుదరాల్సిన అవసరమూ లేదు.

ఇక నీ ప్రశ్నకి. మామూలు మనిషికి దొరికేవి 12 బోర్, .315, .30-06, .22, .32, అంతే అనుకో. 9 ఎంఎం, .303 నిషేధిత బోర్లు, వాటి జోలికి పోవద్దు. .315 పుట్టిందే ఆ కారణం మీద. అప్పట్లో సైన్యం వాడిన .303 తూటా జనం తుపాకుల్లో పట్టకూడదని వేరే కొలత పెట్టారు. ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే .315 రైఫిల్ పాత లీ-ఎన్‌ఫీల్డ్ పద్ధతిలోనే ఉంటుంది. మంచి రైఫిలే, గట్టిది. కానీ ఆ తూటా మన దేశం దాటితే దాదాపు దొరకదు. ఇక్కడి ఫ్యాక్టరీల నుంచి సరుకు ఆలస్యమైతే దానికి బదులు ఇంకోటి ఉండదు. 12 బోర్ అలా కాదు. ప్రపంచమంతా వాడేది, తుపాకుల షాపు ఉన్న ఏ ఊళ్ళోనైనా ఏదో ఒక రకం దొరుకుతుంది.

నా ఓటు 12 బోర్‌కే. ఉన్నదాన్ని బాగా చూసుకో.

పాతకాపు_పర్లాకిమిడి

జయపురం గారితో సగం ఏకీభవిస్తాను. తోట పెద్దదైతే, అడవి పందులు గుంపులుగా దిగితే 12 బోర్‌తో యాభై గజాల లోపు తప్ప పని జరగదు. రైఫిల్ ఉన్నవాడికి ఆ దూరం భయం లేదు. మా నాయన కాలంలో జమీందారుల ఇళ్ళలో రెండూ ఉండేవి, దేని పని దానిది.

బరంపురం_వకీలు

పాతకాపు గారూ, పందుల మాట వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు. తుపాకీ లైసెన్సు వేరు, జంతువును కొట్టే అనుమతి వేరు. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవి పందిని కొట్టాలన్నా సెక్షన్ 11 ప్రకారం అధికారి అనుమతి కావాలి. లైసెన్సులో పంట రక్షణ కోసం అని రాసి ఉన్నా ఆ అనుమతి విడిగా తీసుకోవాల్సిందే. ఎలుగు, ఏనుగు ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జాబితా, షెడ్యూల్ 1లో ఉన్నాయి, వాటి సంగతి ఇంకా గట్టిది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు, వేరే దారి లేనప్పుడు మంచి ఉద్దేశంతో కాల్చితే నేరం కాదని అదే సెక్షన్ చెబుతుంది. కానీ అప్పుడు నువ్వు ఏ చట్టమూ అతిక్రమించకుండా ఉండి ఉండాలి. చచ్చిన జంతువు ప్రభుత్వానికి చెందుతుంది.

మనుషుల నుంచి ఆత్మరక్షణ విషయం భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. ముప్పు ఎంతో, రక్షణకు వాడే బలం అంతకు మించకూడదు. పారిపోతున్న దొంగ వీపు మీద కాలిస్తే అది ఆత్మరక్షణ కాదు. ఏ బోర్ తీసుకోవాలో ఆలోచించే ముందు ఇది తెలిసి ఉండాలి.

ప్రాణహిత_సిరొంచ

అన్నా, నేను మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా సిరొంచ. మాకు తుఫాను కాదు, వరద. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత రెండూ పొంగినప్పుడు మా వైపు ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసినం. అప్పుడు మా బంధువుల ఇంట్ల జరిగింది చెప్త. తుపాకీ ఒకటి, తూటాల డబ్బా ఒకటి. మనుషులు ఒక్కసారిగ పడవెక్కాల్సి వచ్చింది. తుపాకీ భుజాన వేసుకున్నరు, డబ్బా అటక మీద మిగిలింది. నీళ్ళు దిగినంక చూస్తే డబ్బాల బురద. అట్టతో చేసిన పాత తూటాలు ఉబ్బి, పట్టుకుంటే పొట్టు లెక్క ఊడొస్తున్నయి. ప్లాస్టిక్‌వి పైకి మంచిగనే ఉన్నయి, కానీ ఇత్తడి అడుగున చిలుము పట్టి పచ్చగ అయినయి. ఎండల ఆరబెట్టి వాడుకుందాం అన్నడు ఒకాయన. మేం ఒప్పుకోలే.

ఏ బోర్ అని అడిగే ముందు, నీళ్ళొస్తే వాటిని ఎట్ల తీసుకపోతవో చూసుకో అన్నా.

రేంజ్_జయపురం

సిరొంచ తమ్ముడు చెప్పింది బంగారం లాంటి మాట. నానిన తూటాని ఆరబెట్టి వాడకూడదు. లోపల మందు తడిసిందో లేదో బయటికి కనపడదు. సగం తడిస్తే గుండు గొట్టం మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ సంగతి గమనించక రెండోది పేలిస్తే గొట్టం పగులుతుంది. నానినవి, చిలుము పట్టినవి, అడుగు నొక్కుకుపోయినవి అన్నీ లెక్క రాసి డీలరుకో, స్టేషనుకో అప్పగించాలి. చెరువులో పారేయొద్దు, పొయ్యిలో వేయొద్దు.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తెరవకూడదు. గొట్టం సురక్షితమైన వైపు పెట్టి కనీసం ఒక నిమిషం ఆగాలి. కొన్నిసార్లు మందు ఆలస్యంగా అంటుకుంటుంది.

నాగావళి_అక్క

నేను రాయగడ నుంచి. ఇంట్లో తుపాకీ మా వారిది, లైసెన్సు ఆయనది. ఈ చర్చంతా మగవాళ్ళు బోర్ల చుట్టూ తిప్పుతున్నారు కాబట్టి ఇంటి వైపు నుంచి చెబుతాను.

2017 జూలైలో నాగావళి పొంగి వంతెనలు కొట్టుకుపోయినప్పుడు మా ఇంట్లో అవసరమైనవి ఇవి: తాగే నీళ్ళు, అటుకులు, బెల్లం, టార్చీ, బ్యాటరీలు, అత్తగారి బీపీ మాత్రలు, పాప పాలపొడి. ఆ రోజుల్లో బీరువా తాళం తీయాల్సిన అవసరమే రాలేదు. జీడితోట గారూ, మీ ఇంట్లో మంచి టార్చీ ఉందా? పొడవాటి వెలుగు కొట్టేది, రెండో సెట్టు బ్యాటరీలతో? పెరట్లో ఏం తిరుగుతోందో కనపడకుండా చీకట్లోకి తుపాకీ ఎక్కుపెట్టడం కంటే ఘోరం లేదు. చుట్టుపక్కల వాళ్ళు మీ ఇంటికే సాయం కోసం వస్తుండొచ్చు.

ఇంకోటి. పిల్లలున్న ఇల్లు. తుపాకీ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో, తాళం చెవులు వేరువేరు చోట్ల. తుఫాను వచ్చిందని తుపాకీ నింపి మంచం పక్కన పెట్టుకోవద్దు. కరెంటు లేని ఇంట్లో, పదిమంది బంధువులు తలదాచుకున్న ఇంట్లో, అదే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

జీడితోట_కాశీనగర్

అక్కా, మీరన్నది నిజం. టార్చీ ఉంది గానీ చిన్నది. పెద్దది కొంటాను. తుపాకీ, తూటాలు వేరువేరు గదుల్లోనే ఉంటాయి.

అయినా నా సందేహం మిగిలే ఉంది. ఎలుగు తలుపు దాకా వస్తే? 12 బోర్‌లో ఏ తూటా? ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ అని షాపాయన అడిగితే నాన్నగారు ఏది తెచ్చేవారో నాకు తెలీదు.

వంశధార_ఒడ్డు

గుణుపురం నుంచి. మా వైపు అనుభవం చెబుతాను. ఎలుగు తలుపు దాకా వస్తే తలుపు వేసుకోవాలి, లోపల లైటు వేయాలి, పళ్ళెం మీద గరిటెతో గట్టిగా వాయించాలి. అది సాధారణంగా వెళ్ళిపోతుంది. ఎలుగు మనిషి మీద పడేది ఎక్కువగా అనుకోకుండా ఎదురుపడినప్పుడు, పిల్లలు వెంట ఉన్నప్పుడు. తెల్లవారుజామున, మునిమాపున జీడితోటలోకి ఒంటరిగా పోకుండా ఉంటే సగం గొడవ తప్పుతుంది. గాయపడి తప్పించుకున్న ఎలుగు మాత్రం ఊరికంతా ముప్పు. తిత్లీ తర్వాత మా పక్క ఊళ్ళో ఎవరో చీకట్లో కాల్చారు. అది చావలేదు. రెండు రోజులు ఆ వైపు పశువుల్ని మేపడానికి కూడా ఎవరూ పోలేదు.

ఏనుగులు వస్తే ఇంకా దూరం. లఖారి లోయ అభయారణ్యం నుంచి ఇటు శ్రీకాకుళం, మన్యం వైపు దిగేవి మన ఊళ్ళ మీదుగానే పోతాయి. వాటి మీద తుపాకీ పేలిస్తే మీదకు రావడమే గానీ పోవడం ఉండదు. ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేయడం, దారి వదిలేయడం, ఇవే మార్గాలు.

రేంజ్_జయపురం

తూటా రకాలు అడిగాడు కాబట్టి చెబుతాను. తమ్ముడూ, 12 బోర్ తూటాలో సాధారణంగా ఒకే గుండు ఉండదు. సీసపు గుళ్ళు ఉంటాయి. ఎల్‌జీలో గుళ్ళు లావు, సంఖ్య తక్కువ. ఎస్‌జీ దాని తర్వాత. బీబీ సన్నవి. అక్కడి నుంచి 1, 4, 6 అంటూ అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. 6 నంబరు పక్షుల కోసం పుట్టింది, షూటింగ్ రేంజ్‌లో సాధనకి బాగుంటుంది. ఇంటి రక్షణకని చాలామంది ఎస్‌జీ ఉంచుకుంటారు. నా సలహా రెండు రకాలు చాలు: ఒకటి ఎస్‌జీ, ఒకటి సన్నగుళ్ళది. ఐదారు రకాలు కలిపి ఒకే డబ్బాలో పడేస్తే కంగారులో చేతికేది వస్తుందో తెలీదు.

ఊళ్ళో .315 కంటే 12 బోర్ మేలని నేను గట్టిగా చెప్పడానికి అసలు కారణం ఇదీ. సన్నగుళ్ళు రెండు మూడు వందల మీటర్లలో నేల రాలిపోతాయి. రైఫిల్ గుండు కిలోమీటర్లు పోతుంది. చిన్నదే కదా అనుకునే .22 కూడా మైలు దాటగలదు. మీ తోట వెనక కొండ ఉందా, ఊరుందా? కొండవాలులో పైనుంచి కిందికి కాలిస్తే ఆ గుండు ఎవరి గుమ్మంలో ఆగుతుందో చెప్పలేం. రైఫిల్ పట్టేవాడికి వెనక మట్టిగట్టు కనపడాలి. చీకట్లో, వానలో అది కనపడదు.

పాతకాపు_పర్లాకిమిడి

ఈ మాట ఒప్పుకుంటాను. మైదానంలో పొలం ఉన్నవాడి లెక్క వేరు, కొండవాలు తోట లెక్క వేరు.

.32 రివాల్వర్ మాట ఎవరూ తేల్చలేదు. పట్నంలో డబ్బు పట్టుకుని తిరిగే వ్యాపారులు అదే తీసుకుంటారు.

రేంజ్_జయపురం

.32 రివాల్వర్ తేలిక, చిన్నది, కాన్పూరులో తయారవుతుంది. కానీ ఎలుగు లాంటి దాన్ని ఆపే శక్తి దానికి లేదు. చేతి ఆయుధంతో గురి కుదరాలంటే చాలా సాధన కావాలి. తూటా ఖరీదు, ఏడాదికి కొనగలిగే కోటా చూస్తే అంత సాధన చేసేవాళ్ళు తక్కువ.

అది తీసుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. .32 అని పేరున్న తూటాలు రెండు రకాలు. రివాల్వర్‌ది పొడుగు, 7.65×23. పిస్టల్‌ది పొట్టి, 7.65×17. రెండూ .32 అనే పిలుస్తారు. ఒకదాంట్లో ఇంకోటి వాడకూడదు. డబ్బా మీద ఈ అంకెలు చూసుకుని కొనండి.

సాలూరు_రోడ్డు

కొత్త సభ్యుణ్ణి. సునాబెడ వైపు ఉంటాను. మా ఇంట్లో పెదనాన్న వదిలివెళ్ళిన 20 బోర్ తూటాలు కొన్ని ఉన్నాయి, తుపాకీ మాత్రం 12 బోర్. ఎప్పుడైనా పనికొస్తాయని ఉంచాం. అలా ఉంచొచ్చా?

రేంజ్_జయపురం

వద్దు బాబూ, వద్దు. దయచేసి ఈరోజే ఆ రెండింటినీ వేరు చేసేయండి. ఇది ప్రాణాలు తీసే పొరపాటు. 20 బోర్ తూటాని 12 బోర్ గొట్టంలో పెడితే జారి ముందుకు పోయి ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే గొట్టంలో తూటా పెట్టే గది ఖాళీగానే కనపడుతుంది. తూటా పెట్టలేదనుకుని 12 బోర్‌ది పెట్టి నొక్కితే గొట్టం చేతిలోనే పేలుతుంది. ఎడమ చేతి వేళ్ళు ఉండేది సరిగ్గా అక్కడే. చాలా కంపెనీలు 20 బోర్‌ను పసుపు రంగులో చేసేది ఈ ప్రమాదం వల్లే.

రెండు బోర్లు ఒక ఇంట్లో పెట్టుకోవద్దని నేను అనేది ఇందుకే. పగలు, వెలుగులో, స్థిమితంగా ఉన్నప్పుడు ఎవరూ కలిపేయరు. తుఫాను రాత్రి కలిసిపోతాయి.

బరంపురం_వకీలు

దీనికి చట్టం సంగతి కూడా కలుపుతాను. మీ లైసెన్సులో లేని బోర్ తూటా మీ దగ్గర ఉండటమే నేరం. తుపాకీ లేదు కదా, పాతవి కదా అంటే కుదరదు. లైసెన్సు లేని మామూలు తూటాలకి 2019 సవరణ తర్వాత శిక్ష 2 నుంచి 5 ఏళ్ళు. నిషేధిత బోర్ అయితే 7 నుంచి 14 ఏళ్ళు. బ్యాగులో మరిచిపోయిన ఒక్క తూటాతో విమానాశ్రయంలో ఇరుక్కున్నవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. తెలియక ఉండిపోయిందని కోర్టులో నిరూపించుకోవచ్చు, అది వేరే సంగతి. అక్కడిదాకా ఎందుకు?

సాలూరు రోడ్డు గారూ, మీ పెదనాన్నగారి మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు నకలు తీసుకుని, దగ్గర్లో ఉన్న వకీలుతో ఒకసారి మాట్లాడి, స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోండి. యజమాని చనిపోయినా, లైసెన్సు గడువు దాటినా ఆయుధాన్ని, తూటాలని స్టేషనులో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలని ఆయుధ చట్టం సెక్షన్ 21 చెబుతుంది.

వారసత్వం గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. యజమాని బతికుండగానే, ఆయనకు 70 ఏళ్ళు నిండినా, ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్ళు ఉన్నా వారసుల పేరుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 నిబంధనల్లో ఉంది. పెద్దాయన పోయాక ఇంట్లో ఏడుస్తూ కాగితాల కోసం వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

సాలూరు_రోడ్డు

చాలా కృతజ్ఞతలు వకీలు గారూ, జయపురం గారూ. రేపే అప్పగిస్తాం. రెండింటినీ ఇప్పుడే వేరు చేశాం.

వంశధార_ఒడ్డు

సరిహద్దు విషయం ఎవరూ ఎత్తలేదు. మనలో సగం మందికి ఇల్లు ఒడిశాలో, పొలమో అత్తవారిల్లో ఆంధ్రాలో. పర్లాకిమిడిలో టీ తాగి పాతపట్నంలో టిఫిన్ చేసేవాళ్ళం. తూటాలకీ అలాగే శ్రీకాకుళం వైపు షాపుకి పోవచ్చా?

బరంపురం_వకీలు

లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం అని ఒక గడి ఉంటుంది. అందులో ఒడిశా అని మాత్రమే ఉంటే తుపాకీ పట్టుకుని, తూటాలు పట్టుకుని వంతెన దాటకూడదు. అవతలి ఒడ్డున మీ పొలమే ఉన్నా సరే. ఆలిండియా అని ఉంటే ఆ ఇబ్బంది లేదు. తుఫాను హెచ్చరిక రాగానే కుటుంబంతో అవతలి ఊరు వెళ్ళిపోయేవాళ్ళు ఇది ముందే చూసుకోవాలి. తీసుకెళ్ళే వీలు లేకపోతే దగ్గర్లో డీలరు దగ్గరో, స్టేషనులోనో జమ చేసి రసీదు జేబులో పెట్టుకుని వెళ్ళండి. నీళ్ళొచ్చే ఇంట్లో తాళం వేసి వదిలేయడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

ఎన్నికలప్పుడు ఎలాగూ జమ చేయమని నోటీసులు వస్తాయి కదా. అప్పుడు జమ చేసే చోటే ఇప్పుడూ అడగండి.

ప్రాణహిత_సిరొంచ

మా వైపు ఇంకో సంగతి ఉన్నది. ఇంట్ల తుపాకీ ఉందని ఊరంత తెలిస్తే అది ఇంటికి రక్షణ కాదు, ముప్పు. మా జిల్లాల ఏళ్ళ తరబడి అందరు చూసిందే. తూటాలు ఎక్కువ ఉన్నయని తెలిస్తే ఇంకా ముప్పు.

రేంజ్_జయపురం

కొరాపుట్ వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 2004 ఫిబ్రవరి 6న జిల్లా పోలీసు ఆయుధాగారం మీదే మావోయిస్టులు దాడి చేసి దోచుకుపోయారు. కాపలా ఉన్నచోటే ఆ పని జరిగింది, మన బీరువా ఎంత? ఆ తర్వాత ఈ జిల్లాల్లో లైసెన్సు అడిగేవాళ్ళ మీద విచారణ గట్టిగా జరుగుతుందంటే అందులో న్యాయం ఉంది. ఎన్ని తూటాలుంటే అంత ధైర్యం అనుకోవద్దు. నీ దగ్గర పోయిన ప్రతి తూటాకీ నువ్వే జవాబు చెప్పాలి.

నాగావళి_అక్క

నిల్వ చేయడం గురించి జయపురం గారు వివరంగా రాస్తే బాగుంటుంది. మా వారు ఏళ్ళ తరబడి తుపాకీ నూనె తూటాలకి కూడా రాసేవారు. అది తప్పని ఈ మధ్యే ఎక్కడో చదివాను.

రేంజ్_జయపురం

అవునమ్మా, తూటాకి నూనె రాయకూడదు. నూనె నెమ్మదిగా అడుగున ఉన్న ప్రైమర్‌లోకి (మందుని అంటించే చిన్న భాగం) ఇంకితే అది చచ్చిపోతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

రబ్బరు అంచున్న ఇనప డబ్బా మంచిది. లోపల సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలానికి ముందు మార్చుకోవాలి. కొన్నప్పటి అట్టపెట్టెలోనే ఉంచండి. ఆ పెట్టె మీద తయారైన సంవత్సరం, లాట్ నంబరు ఉంటాయి. ముందు కొన్నవి ముందు వాడి, కొత్తవి వెనక్కి పెట్టాలి. రేకుల కప్పు కింద అటక మీద వద్దు, వేసవి వేడికి మందు పాడవుతుంది. వంటింటి గోడకీ, దేవుడి దీపానికీ దూరంగా ఉంచండి. నీళ్ళొచ్చే ఇల్లయితే నేల మీద కాకుండా నడుము ఎత్తు పైన, ఒక్క చేత్తో పట్టుకుపోగలిగేలా పెట్టండి. సిరొంచ తమ్ముడు చెప్పిన సంగతి మర్చిపోవద్దు.

లైసెన్సు పుస్తకం ప్లాస్టిక్ కవర్లో, జిరాక్సు ఒకటి వేరే ఇంట్లో. యూఐఎన్ (లైసెన్సుదారుకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఫోన్‌లో కాకుండా కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. ఫోన్ చచ్చిపోయినప్పుడే దాంతో పని పడుతుంది.

ఎన్ని ఉంచుకోవాలంటే, పుస్తకంలో రాసిన అంకె నిండేదాకా కొనాలని రూలేమీ లేదు. తాజావి కొద్దిగా, పొడిగా ఉంటే చాలు. పాతికేళ్ళ నాటి వంద తూటాల కంటే అవి నయం.

జీడితోట_కాశీనగర్

ఇంత ఓపికగా చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. .315 ఆలోచన మానుకున్నాను. మా తోట వాలు కిందనే ఊరుంది, జయపురం గారు అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. 12 బోర్ ఒక్కటే ఉంచుకుని, తాజా తూటాలు కొంటాను. పాతవి అట్ట తూటాలే, వాటిని జమ చేస్తాను.

కొనే ముందు ఒక్క సందేహం. షాపాయన ఫోన్‌లో 65 కావాలా, 70 కావాలా అని అడిగారు. ఏది?

రేంజ్_జయపురం

మంచి ప్రశ్న, అడిగావు కాబట్టి బతికిపోయావు. అది తూటా పొడుగు, మిల్లీమీటర్లలో. తాతగారి నాటి తుపాకీ అన్నావు. పాత ఇంగ్లండ్ తుపాకుల్లో గది 65కే ఉంటుంది. 70ది అందులో దూరినట్టే ఉంటుంది. కానీ పేలాక మూతి విచ్చుకునే చోటు చాలదు, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది.

తూటా ఏదీ లేకుండా తుపాకీ తెరిచి, గొట్టాలు విడదీసి, వాటి అడుగున చదునుగా ఉన్న చోట టార్చీ వేసి చూడు. ముద్రలు ఉంటాయి. ఏమేం ఉన్నాయో ఇక్కడ రాయి. సీరియల్ నంబరు మాత్రం రాయొద్దు.

జీడితోట_కాశీనగర్

చూశాను. చిన్న కిరీటం లాంటి గుర్తులు ఉన్నాయి. డైమండ్ ఆకారంలో ఒక గుర్తు, దాని లోపల 12, కింద సీ అక్షరం. పక్కన 2½ అని ఉంది. నైట్రో ప్రూఫ్ అని ఒక గొట్టం మీద చదవడానికి వస్తోంది, రెండోదాని మీద అరిగిపోయింది.

రేంజ్_జయపురం

2½ అంగుళాలంటే 65. నీకు 65వే కావాలి, 70 ముట్టుకోవద్దు. షాపులో 65 లేకపోతే వచ్చేదాకా ఆగు, సర్దుకోవద్దు. డైమండ్‌లో 12 సీ అంటే గది 12 బోర్‌ది అని గుర్తు. నైట్రో ప్రూఫ్ అంటే ఇప్పటి పొగలేని మందుకి పరీక్ష చేసిన గొట్టం. రెండో గొట్టం మీద అది అరిగిపోయింది అన్నావు కాబట్టి, తూటాలు కొనే ముందే తుపాకీని లైసెన్సున్న ఆర్మరర్ (తుపాకులు పరీక్షించి బాగుచేసే మనిషి) దగ్గరకి తీసుకెళ్ళు. గొట్టాల లోపల గుంటలు పడ్డాయా, గోడ పలచబడిందా, గొట్టాల్ని మూసి పట్టే తాళం బిగువుగా ఉందా చూస్తాడు. ఆయన సరే అనేదాకా రెండు గొట్టాలూ వాడొద్దు.

వంశధార_ఒడ్డు

బరంపురంలో చూపించుకోవచ్చు తమ్ముడూ. వెళ్ళే ముందు ఫోన్ చేసి ఆర్మరర్ ఏ రోజు ఉంటాడో కనుక్కో, లైసెన్సు అసలు పుస్తకం పట్టుకెళ్ళు. అక్టోబరు రాకముందే ఈ పని అవ్వగొట్టు.